కీ లేని పరీక్ష

అశోక్ నగర్‌లో ఎవరినైనా ఏం చేస్తున్నావని అడిగితే "ప్రిపేర్ అయితున్న" అంటారు. దేనికని ఎవరూ అడగరు. గ్రూప్ వన్ కావచ్చు, గ్రూప్ టూ కావచ్చు, ఎస్సై కావచ్చు, ఏది పడితే అది కావచ్చు. టీ బండి దగ్గర, జిరాక్స్ షాపు ముందు, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, ఎక్కడ చూసినా చంకలో పుస్తకాలు పెట్టుకున్న జనమే. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉండి దేనికీ ప్రిపేర్ కాని మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

నా పేరు శ్రీదివ్య. గెలాక్సీలు ఎలా తయారవుతాయన్నది నా చదువు, నా పని, నా పరేషానీ. యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఐదో ఏడు నడుస్తోంది. ఖగోళశాస్త్రం అనగానే మా వీధివాళ్లు నేను తెల్లవార్లూ డాబా మీద టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చుంటాననుకుంటారు. నేను పదింటికల్లా గుర్రుపెట్టి నిద్రపోతాను. ఎక్కడో ఎడారి కొండ మీద ఒక పెద్ద టెలిస్కోపు ఫొటోలు తీస్తుంది, వాటిని ఇంటర్నెట్‌లో అందరికీ పెడతారు. పగటిపూట ఫ్యాను కింద కూర్చుని వాటిని చూడటం నా వంతు. కరెంటు పోతే నాకు ఆకాశం కూడా పోతుంది.

మా బాపు శ్రీపతి, నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. మా ఇంటి పైభాగం పరీక్షలకు చదువుకునే పిల్లలకు కిరాయికి ఇచ్చాడు. ఆయనకు నా మీద ప్రేమ లేక కాదు, నా పనేమిటో నలుగురికీ చెప్పుకోలేక అవస్థ. ఒకసారి పాల ప్యాకెట్ల దగ్గర నిలబడి ఎదురింటి అనసూయమ్మ గారికి గెలాక్సీల గురించి వివరించబోయాడు. చిన్న గెలాక్సీలు పెద్దవాటిలో కలుస్తాయని, అట్లా కలిసీ కలిసీ మన పాలపుంత అంతవి తయారవుతాయని, పాపం బాగానే చెప్పాడు. ఆవిడ మొత్తం విని, "మంచిదే గని, దాంట్ల పోస్టింగ్ ఎక్కడ ఇస్తరు?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ఆయన ఎవరడిగినా "మా దివ్య గ్రూప్ వన్‌కు ప్రిపేర్ అయితున్నది" అని చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి నా చెవులతో నేనే విన్నాను. ఒళ్లు మండిపోయింది.

"నేను చేసే పని నీకంత నామోషీగ ఉన్నదా బాపూ?"

"నామోషీ ఎందుకు బిడ్డా. అవతలోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలె గద," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "దసరా దాక చూస్త. మీ కమిటీ ముందుకు పొమ్మన్నదనుకో, నీ చదువు నీ ఇష్టం. కాదన్నదనుకో, చౌరస్తల కోచింగ్‌ల సీటు మాట్లాడి పెట్టిన. చేరాలె."

కోపంలో "సరే పో" అన్నాను. కోపంలో ఒప్పుకున్న మాటకు విలువెక్కువ మా ఇంట్లో. వెనక్కి తీసుకోవడానికి ఉండదు.

ఏటా నా పరిశోధనను చూసి ముందుకు సాగాలో వద్దో చెప్పే ఆ కమిటీ దగ్గర చిక్కు చిన్నదేమీ కాదు. నేను ఒక ప్రోగ్రాం రాశాను. గెలాక్సీ ఫొటో చూపిస్తే, అది తన మానాన తాను ఉన్నదా, ఇంకోదానితో కలుస్తున్నదా చెబుతుంది. ఎంత నమ్మకంగా చెబుతున్నదో కూడా చెబుతుంది. కొన్ని ఫొటోల దగ్గర మాత్రం తడబడుతుంది. "అవి నిజంగా తడబడాల్సిన ఫొటోలేనా, లేక నీ ప్రోగ్రాంకే తెలివి తక్కువా?" అని అడిగారు కమిటీ వాళ్లు. తేల్చాలంటే ఒకటే దారి. ఒక్కో ఫొటోను పదిమంది మనుషులు విడివిడిగా చూసి చెప్పాలి. మనుషుల మాట ఎక్కడ చీలుతుందో, ప్రోగ్రాం కూడా అక్కడే తడబడితే నా ప్రోగ్రాం మంచిది. లేకపోతే నాకు చౌరస్తా కోచింగే.

పదిమంది ఎక్కడ దొరుకుతారు? డిపార్ట్‌మెంటులో స్నేహితులు నాలుగు ఫొటోలు చూసి క్లాసుందని జారుకున్నారు. మా అమ్మ రెండు చూసి పప్పు మాడుతోందని వెళ్లిపోయింది. ఆ రోజు పప్పు వండనే లేదు.

బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కినప్పుడు తట్టింది. పైన గదుల పిల్లలు, వాళ్లతో చదువుకోవడానికి వచ్చేవాళ్లు, అంతా కలిపి పదిమంది గోడ నీడన వరుసగా కూర్చుని ఉన్నారు. నోటిఫికేషన్ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని ఏడాది గడిచింది. ఉన్న పుస్తకాలన్నీ రెండుసార్లు చదివేసి, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పాత పేపరు ముక్కను కూడా కరెంట్ అఫైర్స్ అని చదువుతున్నారు. నాలుగు ఆప్షన్లలో తేడా పట్టడంలో వీళ్లను మించిన కళ్లు దేశంలో ఇంకెక్కడ ఉంటాయి?

వాళ్లకు పెద్ద కుమారస్వామి. జనగామ అవతల ఊరు. ఆరేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను అతన్ని కుమారన్నా అంటాను, అతను నన్ను దివ్యక్కా అంటాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకునే ప్రయత్నం ఎవరమూ చేయలేదు. గ్రూప్ టూ ఒకసారి చేతికందేటట్టే వచ్చి జారిపోయింది అతనికి. అయినా ఏ డౌటు వచ్చినా అందరూ అతని దగ్గరికే పోతారు.

సంగతి చెప్పి, ఫొటోలు చూపించాను. నల్లని ఆకాశం ప్రింటు తీస్తే జిరాక్స్ షాపతను ఇంకు మొత్తం నాకే అయిపోతోందని గొడవ పెట్టాడు. అందుకని మేము ఆకాశం రంగుల్ని తిరగేసుకుంటాం. తెల్లకాగితం మీద గెలాక్సీ నల్ల మరకలా కనిపిస్తుంది. ఒకటి గుండ్రంగా, ఒకటి చుట్లు చుట్టుకుని, ఇంకొకటి ఆకారం చెదిరి పక్కదానిలోకి ఒరిగిపోతూ.

పక్క సందు హాస్టల్ నుంచి గ్రూప్ స్టడీకి వచ్చే రోజా చుట్లున్నదాన్ని చూసి, "ఇది సంక్రాంతికి జేసే సకినం గద అక్కా," అంది.

అంతే, పేర్లు కుదిరిపోయాయి. ఒకటి ఇడ్లీ. రెండు సకినం. మూడు కలుస్తున్నది. నాలుగు చెప్పలేను. జవాబుల కోసం వాళ్లకు అలవాటైన బబుల్ షీట్లే జిరాక్స్ తీయించాను. వాటిని చూడగానే పదిమంది వెన్నులు నిటారుగా లేచాయి.

"నెగెటివ్ మార్కులు ఉన్నయా అక్కా?" అని అడిగాడు కుమారస్వామి.

"లేవన్నా. పాస్ ఫెయిల్ కూడ లేదు. ఎవరికి వాళ్లు చూసి, అనిపించింది పెట్టాలె. అయిపోయినంక అందరికి మిర్చి బజ్జీ నాది."

వారంలో షీట్లన్నీ నా చేతికొచ్చాయి. అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పదిమందీ, ప్రతి ఫొటోకూ, ఒకటే జవాబు. ఒక్కచోట కూడా తేడా లేదు. ఇంత చక్కని ఫలితం ప్రపంచంలో ఎవరికైనా వచ్చిందా అని మురిసిపోతూ ఆటోలో మా గైడు విద్యావతి మేడం దగ్గరికి వెళ్లాను.

మేడం షీట్లు తిరగేసింది. ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"దివ్యా, ఇది నీకేమనిపిస్తోంది?"

"కలుస్తున్నది, మేడం."

"నాకు సకినం అనిపిస్తోంది. మనిద్దరికే కుదరలేదు. నీ పదిమందికి ఎట్ల కుదిరింది?" షీటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. "ఈ రబ్బరు గీకుడు చూశావా?"

అప్పుడు చూశాను. ప్రతి షీటులోనూ బబుల్ చెరిపి, పక్క బబుల్ దిద్దిన మరకలు. నేనిచ్చిన పెన్సిళ్లే, నేనిచ్చిన రబ్బర్లే. నా మురిపెం మొత్తం ఆ కిటికీ దగ్గరే దిగిపోయింది. కమిటీ ఇంకో వారంలో ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏమేం తిట్టాలో వరుసగా పేర్చుకున్నాను. డాబా ఎక్కేసరికి అందరూ అక్కడే ఉన్నారు. షీట్లు వాళ్ల ముందు పడేశాను.

"ఎవరికి వాళ్లు చెయ్యమన్ననా లేదా?"

"ఎవరికి వాళ్లమే చేసినం అక్కా, ఒట్టు," అంది రోజా. "చేసినంక టీ బండి కాడ టాలీ చేసుకున్నం."

అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఈ వీధిలో అదొక ఆచారం. ఏ పరీక్ష రాసినా, హాలు నుంచి తిన్నగా టీ బండి దగ్గరికి పోవాలి. నీకెంత వచ్చింది, ఇరవై మూడోది ఏం పెట్టినవ్ అని ఒకరి జవాబులు ఒకరు కలుపుకోవాలి. పెద్దవాడు కీ తయారు చేయాలి. అసలు పరీక్షలో షీటు అప్పటికే చేజారిపోయి ఉంటుంది. ఇక్కడేమో షీట్లూ రబ్బర్లూ చేతిలోనే ఉన్నాయి. కుమారస్వామి కీ చెప్పాడు, మిగతావాళ్లు దిద్దుకున్నారు.

"నాలుగో ఆప్షన్ ఒక్కరు కూడ పెట్టలేదేంది?"

"నెగెటివ్ లేనప్పుడు ఎవలన్న ఖాళీ ఇడుస్తరా అక్కా," అన్నాడు వెనక నుంచి ఒకడు.

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, ఎక్కడ కనిపిస్తుందోనని ఇంకా గట్టిగా అరిచాను. "మీ టాలీతోటి నా ఐదేండ్ల చదువు గంగల కలిసింది. ఇగ నేను గూడ మీ పక్కన కూర్చొని ప్రిపేర్ అయిత, జర జరుగున్రి."

కుమారస్వామి షీట్లు ఏరి, అంచులు సరిచేస్తూ అన్నాడు. "తప్పు పోతె నీకు నష్టమయితదని చేసినం అక్కా. ఒక్కొక్కల ఒక్కొక్క తీరు పెట్టిన్రు. గిట్లనే ఇస్తె నీ పరువు పోతదనుకున్నం."

ఆ మాటతో నేను ఆటోలో పేర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి. వాళ్లు నన్ను ముంచింది నా మీద అభిమానంతో. చాప మీద కూలబడ్డాను.

"కుమారన్నా, నాకు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు పెట్టిందే కావాలె. ఎక్కడ మీ మాట కలవదో అక్కడే అసలు సంగతి ఉంటది. రెండు గెలాక్సీలు సగం కలిసి సగం కలవకుంట ఉన్నయనుకో, ఒకరికి ఒకటి అనిపిస్తది, ఇంకొకరికి రెండు అనిపిస్తది. ఎవరిదీ తప్పు కాదు."

"మరి కరెక్ట్ ఆన్సర్ ఏంది?"

"నాకు తెల్వదు."

"నీకు తెల్వదా?" అతను నిజంగానే కంగారుపడ్డాడు. "మీ మేడంకు?"

"ఆమెకు తెల్వదు. ఎవ్వరికీ తెల్వదు. దీనికి కీ లేదన్నా. తెలిస్తే మిమ్మల్ని ఎందుకు అడుగుత?"

కుమారస్వామి ఒక ఫొటోను చాలాసేపు చూశాడు. "ఆరేండ్ల సంది నాకేమనిపిస్తున్నదో ఎవ్వలు అడగలే అక్కా," అన్నాడు నెమ్మదిగా. "కీల ఏమున్నదనే అడిగిన్రు. మల్ల చేద్దాం. కాకపోతె మమ్ముల నమ్మకు. ఎవలన్న నిలబడి రాయించాలె. లేకుంటె టాలీ చెయ్యకుంట ఉండుడు మాతోని కాదు."

నిలబడి రాయించే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

మర్నాడు బంద్. బస్సుల్లేవు, షాపుల్లేవు, లైబ్రరీ లేదు, కాబట్టి అందరూ ఇంటి పట్టునే ఉన్నారు. మా బాపును అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కమిటీ కాదంటే కోచింగ్‌లో చేర్పించాల్సిన మనిషే, కమిటీ అవునడానికి సాయం చేయాలి. కానీ ఇన్విజిలేషన్ అన్న మాట చెవిన పడగానే ఆయన మొహం వెలిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వాచీ విప్పి టేబుల్ మీద పెట్టాడు. గంట కోసం అమ్మనడిగి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చుకున్నాడు.

"సంచులు బయట పెట్టున్రి. సెల్లులు బంద్. రబ్బర్లన్ని ఈ డబ్బల వెయ్యాలె. రోజా, నువ్వు ఆ మూలకు పో అమ్మా. కుమారస్వామీ, నువ్వు నా ముందట కూసో, నీ మీదనే నాకు అనుమానం."

హాల్లో, వరండాలో, మెట్ల మీద దూరదూరంగా కూర్చోబెట్టాడు. పళ్లెం మోగింది. ఆ తరువాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కుమారస్వామి చెయ్యి మొదటి షీటు మీద చాలాసేపు ఆగిపోయింది. పక్కకు చూడబోయి, బాపు దగ్గు విని, మళ్లీ ఫొటోలోకి చూశాడు. కాసేపటికి ఒక బబుల్ దిద్దాడు. ఇంకాసేపటికి ఒంగి కూర్చుని, తనలో తాను నవ్వుకుంటూ దిద్దుతున్నాడు.

బాపు చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. ఒకసారి నా టేబుల్ దగ్గర ఆగి, పైనున్న ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ఐదేళ్లలో ఆయన నా ఫొటోను అట్లా చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

"దివ్యా, ఇది ఒకటా, రెండా?"

"నీకేమనిపిస్తున్నది?"

"ఒకటే." కళ్లజోడు తుడుచుకున్నాడు. "కాదు, రెండు. జర ఆగు, తోక ఇటు కెల్లి వస్తున్నదా, అటు పోతున్నదా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెలుగు చాలక కిటికీ దగ్గరికి పోయాడు. మళ్లీ వచ్చాడు. "ఈ రెండు కలవనీకి ఎంత కాలం పడుతది?"

"వంద కోట్ల ఏండ్లు, ఇంకా ఎక్కువ కూడ."

"మరి మనకు కనిపించేది అందులో ఒక్క క్షణమే అన్నట్టు." చరిత్ర మేష్టారు కదా, ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. "ఒక్క క్షణం చూసి మొత్తం కథ రాయాలె నువ్వు."

నేను ఐదేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయిన నా పని, ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అవునని తల ఊపాను.

కాపీ కొట్టేవాళ్లను వాసన పట్టే ఇన్విజిలేటర్ అని నారాయణగూడలో పేరున్న మనిషి, ఆ రోజు టైము మర్చిపోయాడు. అందరూ షీట్లు బోర్లించి ఎదురుచూస్తున్నారు. చివరికి కుమారస్వామే లేచి, "సార్, టైమయింది. గంట గొట్టున్రి," అన్నాడు. బాపు ఉలిక్కిపడి గరిటె వెతుక్కున్నాడు. ఆ ఫొటో వెనకాల పెన్సిలుతో "ఇప్పుడే చెప్పలేను" అని రాసి ఉంది, ఎప్పుడు రాశాడో తెలియదు.

ఈసారి షీట్లు చూస్తే కడుపు నిండింది. మాట ఎక్కడపడితే అక్కడ చీలిపోలేదు. తేలికైన వాటికి పదిమందీ ఒకటే అన్నారు. కష్టమైన వాటి దగ్గర నలుగురిది ఒక దారి, ముగ్గురిది ఇంకో దారి, మిగతావాళ్లు నాలుగోది. కుమారస్వామి కూడా అక్కడక్కడ నాలుగోది పెట్టాడు. పక్కనే నా ప్రోగ్రాం అంకెలు పెట్టి చూస్తే, వాళ్లు విడిపోయిన చోటే అదీ తడబడింది.

ఆ వారం చివర కమిటీలో పెద్దాయన ఒకరు, ఎవరినీ మెచ్చుకోని మనిషి, కావాలనే అన్నిటికంటే చెడ్డ ఫొటో తీశాడు. బాపు కిటికీ దగ్గరికి మోసుకుపోయిన ఫొటో అదే.

"ఇది ఒకటా, రెండా?"

గత ఏడాదైతే ఏదో ఒకటి చెప్పి ఇరుక్కునేదాన్ని. "ఇప్పుడే చెప్పలేను సార్," అన్నాను. "పదిమంది చూశారు, వాళ్లూ చెప్పలేకపోయారు. నా ప్రోగ్రాం కూడా చెప్పలేనంటోంది. చెప్పలేనని సరైన చోట అంటోంది. నేను మీకు చూపించాలనుకున్నది అదే."

ఆయన విద్యావతి మేడం వైపు చూశాడు. మేడం కిటికీలోంచి బయటికి చూసింది, నవ్వు కనపడకుండా. ముందుకు వెళ్లమన్నారు.

ఆ సాయంత్రం డాబా మీద మిర్చి బజ్జీలు, ఇరానీ చాయ్. అందరూ బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క ముందు చదివి, తరువాత బజ్జీ తిన్నారు. కుమారస్వామికి మాత్రం ఇంకా ఒక దిగులు మిగిలిపోయింది.

"అన్ని సరే గని అక్కా, ఫైనల్ కీ ఎప్పుడు ఇడుస్తరు?"

"ఆ రెండూ పూర్తిగ కలిసినంక. వంద కోట్ల ఏండ్లు పడుతది."

"అట్లయితె నయమే," అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "మా నోటిఫికేషన్ కన్న ముందే వస్తది."

అందరికంటే గట్టిగా నవ్వింది మా బాపు. నవ్వుతూనే జేబులోంచి సెల్లు తీసి, చౌరస్తా కోచింగ్ అతనికి ఫోన్ చేసి, ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాడు. నా వైపు మాత్రం చూడలేదు. చూస్తే ఇద్దరం ఏడ్చేవాళ్లం.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద పాల ప్యాకెట్ల దగ్గర అనసూయమ్మ గారు బాపును పట్టుకుంది.

"ఏం శ్రీపతి గారు, నిన్న పైన ఒకటే నవ్వులు. దివ్యకు గ్రూప్ వన్ వచ్చిందా ఏంది?"

బాపు రెండు ప్యాకెట్లనూ ఒక చేతిలోకి మార్చుకున్నాడు. నేను బ్రష్ నోట్లోనే ఆపేశాను.

"గ్రూప్ వన్ కాదండి. అది నేను ఊకె చెప్పిన. మా దివ్య గెలాక్సీలు ఎట్ల తయారయితయో చూస్తది."

"అట్లనా. ఎట్ల తయారయితయట?"

"అది ఇంక ఎవ్వలకు పూర్తిగ తెల్వదు అనసూయమ్మ గారు. తెల్వదు గనుకనే మా బిడ్డ చూస్తున్నది."

ఆవిడ ఊరుకునే మనిషైతే కాదు. "మంచిదే గని, పోస్టింగ్ ఎక్కడ ఇస్తరు మరి?"

"ఆప్షన్ నాలుగు," అన్నాడు బాపు, కొడుక్కి కలెక్టరు ఉద్యోగం వచ్చిందని చెప్పేవాళ్ల గొంతుతో. "ఇప్పుడే చెప్పలేను."